నీతిమంతునికి శ్రమ ఎందుకు: బైబిలులోని యోబు గ్రంథంలో జవాబు ఉందా?

ప్రశ్న:
మా సంఘంలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే, దాచిన పాపమేదో ఉండి ఉంటుందని పెద్దలే అంటున్నారు. యోబు యథార్థవర్తనుడని గ్రంథంలోని మొదటి వచనమే చెబుతున్నప్పుడు, పిల్లలనూ ఆస్తినీ ఆరోగ్యాన్నీ కోల్పోయిన అతని శ్రమకు దేవుడు చెప్పిన కారణమేమిటి? దేవుడు యోబుకు జవాబిచ్చే 38వ అధ్యాయం నుండి వెదికినా నాకు కనిపించలేదు.

జవాబు 1:
అక్కడ లేదు గనుకనే కనిపించలేదండి. సుడిగాలిలోనుండి దేవుడు భూమి పునాదులను గురించీ, సముద్రపు హద్దులను గురించీ, అడవి గాడిదను గురించీ అడుగుతాడే గాని, మొదటి రెండు అధ్యాయాలలో యోబును శోధించడానికి సాతానుకు అనుమతినిచ్చిన సంభాషణను యోబుకు ఎక్కడా తెలియజేయడు. అయితే 42:7 చూడండి. పాపం వల్లనే శ్రమ వచ్చిందని వాదించిన ఎలీఫజు మీదా అతని ఇద్దరు స్నేహితుల మీదా ఆయన కోపపడి, తనను నిలదీసిన యోబు మాటలనే యుక్తమైనవన్నాడు. మీ పెద్దలు ఈ వచనం మీద ఒక్కసారైనా ప్రసంగించారా?

జవాబు 2:
సోదరా, పాపానికి ఫలితముంటుందని సామెతల గ్రంథం చెప్పేది నిజమే. కాని ఫలితాన్ని చూసి పాపాన్ని ఊహించడం వేరు. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది తక్కినవారికంటె ఎక్కువ అపరాధులా అన్న ప్రశ్నకు, లూకా 13లో యేసు కాదనే చెప్పాడు. యోహాను 9లో పుట్టుగుడ్డివాని విషయంలోనూ అంతే.

జవాబు 3:
నేను విశ్వాసిని కాను, అయినా ఈ గ్రంథాన్ని గౌరవిస్తాను. నాకు మింగుడుపడనిది ముగింపే. చనిపోయిన యోబు ఏడుగురు కుమారులకు, ముగ్గురు కుమార్తెలకు బదులు మరల అంతమందే పుట్టారంటే, పోయిన పిల్లల లెక్క సరిపోయినట్టేనా?

జవాబు 1 రాసినవారు:
సరిపోలేదు. పశువులు రెట్టింపయ్యాయని చెప్పిన గ్రంథం, ఆ పిల్లల మరణానికి మాత్రం ఏ సమాధానమూ ఇవ్వలేదు.