అప్‌డేట్: బాబాయి మాత్ర, యాప్ సంగతి

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరంలో ఉండే మా బాబాయి, రిటైర్డ్ హవల్దార్, తాగుడు మానడానికి మాత్రతోపాటు ఫోన్ యాప్ పనికొస్తుందా అని అడిగాను కదా. పనికొస్తోంది, కాకపోతే పెగ్గుల లెక్క సరిచేశాకే.

డాక్టరు గారు రాసింది నాల్ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములు, రోజుకొకటి, టిఫిన్ చేశాక. పరగడుపున వేస్తే కడుపులో తిప్పుతుంది. ముందు లివర్ టెస్టు చేయించాలి. మోకాళ్ల నొప్పులకు ట్రమడాల్ (నల్లమందు కోవకు చెందిన నొప్పి మాత్ర) వాడుతుంటే డాక్టరుకు దాచొద్దు: అది ఆపాక 7 నుంచి 10 రోజులు గడవాలి, లేదంటే నాల్ట్రెక్సోన్ పడగానే వాంతులు, వణుకు, ఒళ్లు నొప్పులు.

తాగిన లెక్క రాసుకునే ఆ యాప్ పేరు వెట్‌చేంజ్. అమెరికా మాజీ సైనికుల శాఖది, ఉచితం, తెలుగులో లేదు. దాని లెక్కలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్. 42.8 శాతం ఉండే మన విస్కీ 60 ఎం.ఎల్. పెగ్గులో దాదాపు 20 గ్రాములుంటుంది. అంటే యాప్‌లో పెగ్గుకు దాదాపు ఒకటిన్నర, క్వార్టర్‌కు (180 ఎం.ఎల్.) నాలుగుంబావు పైనే వేయాలి. క్వార్టర్ మొత్తానికీ ‘ఒకటి’ అని నొక్కితే గ్రాఫు చూసుకుని మురిసిపోవడమే! మిలిటరీ క్యాంటీన్ మందు కోటా తెచ్చుకునే రోజుకు యాప్‌లో ముందే హద్దు పెట్టుకోవాలి.

రోజూ గట్టిగా తాగేవాళ్లు మాత్రం ఇంట్లో ఒక్కసారిగా ఆపేయొద్దు. 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు, యాప్ దాన్ని పసిగట్టలేదు. ఆసుపత్రిలోనే మాన్పించాలి.

అన్నట్టు, అర్ధరాత్రి ఎవరితో మాట్లాడాలని అడిగినవారికి: ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్, 14416. తెలుగులోనే మాట్లాడతారు.