నెలలు నిండకముందే పుట్టిన పాప ఎదుగుదలను ఏ వయసుతో లెక్కించాలి?

మా పాప 33 వారాలకే పుట్టింది. పుట్టిన తేదీ ప్రకారం ఇప్పుడు 5 నెలలు నిండినా, 40 వారాలకు తక్కువైన 7 వారాలను తీసివేస్తే వయసు సుమారు మూడున్నర నెలలే అవుతుంది. మమ్మల్ని చూసి నవ్వుతుంది, ఊ కొడుతుంది, కదిలే బొమ్మ వెంట చూపు తిప్పుతుంది. కానీ బోర్లా పడుకోబెడితే తల కాసేపు ఎత్తి, అలసిపోయి ఏడుస్తుందే తప్ప, తనంతట తాను బోర్లా పడటం లేదు. పిల్లలు సాధారణంగా 4 నుంచి 6 నెలల మధ్య బోర్లా పడతారంటారు గనుక, అదే నెలలో పుట్టిన పిల్లలతో పోలికలు (అవి ఎలాగూ ఆగవు) నన్ను కలవరపెడుతున్నాయి. టీకాలకు పుట్టిన తేదీయే లెక్క అని వైద్యురాలు చెప్పారు. ఎదుగుదల విషయం అడగడం ఆ తొందరలో మరిచిపోయాను. ఇలా ముందుగా పుట్టిన బిడ్డను పెంచినవారు ఏ వయసును లెక్కలోకి తీసుకున్నారు? ఒళ్ళు బిగుసుకుపోవడం, ఒక చేతినే వాడటం వంటివి లేనప్పుడు, తదుపరి టీకా వరకు ఆగవచ్చా, లేక ఇప్పుడే చూపించడం మంచిదా?