జనవరి చలిలో పగడపు ముక్కలను కొరియర్‌లో పంపడం: సలహా కావాలి

ఉప్పునీటి తొట్టి, డాలస్:

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లోని సముద్రపు నీటి తొట్టిలో కొన్నేళ్లుగా పగడాలను పెంచుతున్నాను. తొట్టి నిండిపోవడంతో టార్చ్, హ్యామర్, ఆక్రోపోరా, జోవాంథిడ్ రకాలను ముక్కలు కోసి అమ్మడం మొదలుపెట్టాను. ఇంతవరకు ఊళ్లోవారే ఇంటికి వచ్చి తీసుకువెళ్లేవారు. ఇప్పుడు న్యూజెర్సీలోని ఒక మిత్రుడు జనవరిలోనే పంపమని అడుగుతున్నారు. పెట్టెలో ఎన్ని హీట్ ప్యాక్‌లు పెట్టాలి, సంచిలో ఎంత నీరు పోయాలి అన్నది మొదటి సందేహం. రెండవది, హైదరాబాద్‌లో మా బావమరిది కొత్తగా తొట్టి పెట్టాడు. నేను ఇండియా వచ్చేటప్పుడు సామానులో నాలుగు ముక్కలు తెచ్చిపెట్టమంటున్నాడు. అది వీలయ్యే పనేనా?

ముక్కల మడి, అట్లాంటా:

హీట్ ప్యాక్‌ల కంటే ముందు మీ ముక్కలు ఎప్పుడు కోసినవో చూసుకోండి. అప్పుడే కోసిన పగడం విపరీతంగా బంక విడుస్తుంది. ఆ బంక సంచిలోని కొద్దిపాటి నీటిలో కుళ్లి ఆక్సిజన్‌ను తినేస్తుంది, అమ్మోనియాను పెంచుతుంది. దారిలో పోయే పగడాలలో ఎక్కువ భాగం చలికి కాక ఈ మురిగిన నీటికే పోతాయని నా అభిప్రాయం. అందువల్ల ముక్కను ప్లగ్‌కు, అంటే పగడం నిలబడే చిన్న దిమ్మకు, అతికించి, కోసినచోట కండ మళ్లీ కమ్ముకునే వరకు, అంటే సుమారు రెండు వారాలు, మీ తొట్టిలోనే ఉంచండి. టార్చ్, హ్యామర్‌ల విషయంలో ఇది మరీ ముఖ్యం. కండ గోధుమరంగు జిగురుగా కరిగిపోయే బ్రౌన్ జెల్లీ జబ్బు వీటికి సాధారణంగా గాయమైన చోటనే మొదలవుతుంది; ఆ స్థితిలో సంచిలో మూసి పంపితే అటువైపు చేరేది అస్థిపంజరమే.

కట్టే రోజున టార్చ్ పూర్తిగా ఉబ్బి ఉండగా నీటిలోంచి ఎత్తకండి. లోపలి నీటి బరువుకు కండ వేలాడి, అస్థిపంజరపు పదునైన అంచుల మీద చిరుగుతుంది. నీటి అడుగునే మెల్లగా కదిలించి, అది ముడుచుకున్న తరువాత తీయండి. ఆక్రోపోరా ప్లగ్‌ను చిన్న థర్మోకోల్ ముక్కకు రబ్బరు బ్యాండుతో బిగించి తలకిందులుగా తేలనిస్తే కొమ్మలు సంచికి రాసుకోవు. ఒక్కో ముక్కకు ఒక్కో సంచి ఉండాలి, ప్రతి సంచికి రెండు పొరలు ఉండాలి. ముక్క బాగా మునిగేంత నీరు చాలు, మిగిలినదంతా గాలి ఉండాలి. ఆ నీరు కూడా తొట్టిలోది కాకుండా, అదే ఉప్పదనంతో కొత్తగా కలిపినదైతే మంచిది. ఇంకొక మాట: జోవాంథిడ్‌లను కోసేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. వాటిలో కొన్నింటిలో ఉండే పాలీటాక్సిన్ మనుషులకు తీవ్రమైన విషం.

రీఫ్ రాత్రులు, ఎడిసన్:

పై సలహాలన్నీ సబబే. హీట్ ప్యాక్ గురించి మాత్రం కొంచెం చెప్పాలి. దానిలోని ఇనుప పొడి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడెక్కుతుంది. కాబట్టి గాలి అందకుండా చుట్టేస్తే అది పనిచేయదు, సంచికి ఆనించి పెడితే నీరు ఉడుకెత్తుతుంది. పగడం కొన్ని గంటలపాటు ఇరవై డిగ్రీల సెల్సియస్‌ను తట్టుకుంటుంది గాని ముప్పై దాటితే తట్టుకోవడం కష్టం. మందపాటి థర్మోకోల్ పెట్టెకు 72 గంటల ప్యాక్ ఒకటి, మూత లోపలివైపు అతికించి, కింద వార్తాపత్రిక పొరలు వేస్తే సరిపోతుంది. భయంకొద్దీ రెండు పెట్టవద్దు.

సోమ, మంగళ, బుధవారాలలోనే పంపండి. గురువారం పంపినది ఒక రోజు ఆలస్యమైతే వారాంతంలో చిక్కుకుంటుంది. పెట్టెను వాకిట్లో వదిలేయనివ్వకుండా కొరియర్ కౌంటర్‌లోనే ఉంచమని రాయించి, మీ మిత్రుణ్ణి అక్కడికే వెళ్లి తీసుకోమనండి. మెంఫిస్ లేదా లూయీవిల్‌లో ఆ రాత్రి మంచు తుఫాను సూచన ఉంటే మీ ఊళ్లో ఎండ కాస్తున్నా సరే ఆపేయండి, ఎందుకంటే ఫెడెక్స్, యూపీఎస్‌ల విమాన సరుకు చాలావరకు ఆ రెండు చోట్ల నుంచే మారుతుంది.

తీర పరిశీలకుడు, విశాఖపట్నం:

రెండవ ప్రశ్నకు జవాబు: తేవద్దు. రాతి పగడాలన్నీ, అంటే గట్టి సున్నపు అస్థిపంజరం ఉన్నవన్నీ, సైటీస్ (అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండవ అనుబంధంలో ఉన్నాయి. కాబట్టి తొట్టిలో పెంచినవైనా దేశం దాటాలంటే ఎగుమతి చేసే దేశపు అనుమతి పత్రం ఉండాలి. అమెరికా లోపల ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి పంపడానికి ఆ పత్రం అక్కరలేదు, అందువల్ల న్యూజెర్సీ సంగతి వేరు. ఇక భారతదేశంలో 2001 నుంచి రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే పులి ఉన్న జాబితాలోనే, ఉన్నాయి. ఈ షెడ్యూలు కింది నేరానికి మూడు నుంచి ఏడేళ్ల జైలు శిక్ష ఉంటుంది. టార్చ్, హ్యామర్, ఆక్రోపోరా మూడూ రాతి పగడాలే. జోవాంథిడ్‌లు ఆ జాబితాలో లేకపోయినా, ప్రాణమున్న జలచరం కాబట్టి దిగుమతి అనుమతి, క్వారంటైన్ లేకుండా సూట్‌కేసులో తేవడం కుదరదు.

ఇది అతి జాగ్రత్త అనిపించవచ్చు. కాని మన్నార్ గల్ఫ్‌లో సున్నం కోసం పగడాలను దశాబ్దాలపాటు తవ్వుకుపోయిన చరిత్ర మనది. ఇండోనేషియా కూడా 2018లో పగడాల ఎగుమతిని ఆపివేసి, తరువాత సాగుచేసిన వాటికి మాత్రమే మళ్లీ తలుపు తెరిచింది. మీ బావమరిదిగారికి క్లౌన్ చేపలతో తొట్టి నడపమని చెప్పండి. మన దేశంలోనే పెంచిన పిల్లలు దొరుకుతున్నాయి.

ఉప్పునీటి తొట్టి, డాలస్:

అందరికీ కృతజ్ఞతలు. హైదరాబాద్ ఆలోచన మానుకున్నాను. న్యూజెర్సీ మిత్రుడు పెట్టె తెరిచాక గంటసేపు చుక్కచుక్కగా కొత్త నీటికి అలవాటు చేస్తానంటున్నారు. అది సరైనదేనా?

ముక్కల మడి, అట్లాంటా:

రాత్రంతా మూసి ఉన్న సంచికి అది మంచిది కాదు. లోపల పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ తగ్గి ఉంటుంది, అందువల్ల అమ్మోనియా అంత హాని చేయదు. సంచి విప్పగానే పీహెచ్ పెరిగి, అదే అమ్మోనియా విషమవుతుంది. మూసిన సంచిని పావుగంట తొట్టిలో తేలనిచ్చి ఉష్ణోగ్రత సరిచేసి, విప్పిన వెంటనే ముక్కను పగడాలకు పట్టే పురుగులను పోగొట్టే మందు (డిప్) కలిపిన నీటిలో ముంచి తీసి, సంచి నీటిని పారబోయమనండి. మొదటి నాలుగైదు రోజులు వెలుతురు తగ్గించి ఉంచాలి. మీరు మీ తొట్టి ఉప్పదనం ఎంతో పెట్టె మీద రాసి పంపితే, ఆయన ముందుగానే ఒక చిన్న తొట్టిని దానికి సరిపోల్చి పెట్టుకోగలరు.