స్కాన్‌లో కనిపించిన ప్రతి తేడానీ రిపోర్టులో రాయాలా?

ప్రశ్న వేసినవారు:
దగ్గు తగ్గడం లేదని ఛాతీ సీటీ తీయించుకున్నాను. రిపోర్టులో చివరి లైను: "కుడివైపు అజైగస్ లోబ్ ఉంది." మా డాక్టర్ గారు చూసి, పుట్టుకతో వచ్చిందే, పట్టించుకోకండి అన్నారు. పట్టించుకోనక్కర్లేనిది రాయడం దేనికి? రెండు రాత్రులు నిద్ర లేదు.

రేడియాలజిస్ట్:
రాయాలండి. పిండం ఎదిగేటప్పుడు ఛాతీలోని అజైగస్ సిర అనే రక్తనాళం కుడి ఊపిరితిత్తి పైకొన మీదుగా జారి లోపలివైపు చేరుకోవాలి. కొందరిలో అలా జారకుండా ఊపిరితిత్తిని కోసుకుంటూ దిగుతుంది, ఊపిరితిత్తిని కప్పి ఉండే ప్లూరా పొరల్ని కూడా వెంట లాక్కుపోతుంది. ఎక్స్‌రేలో పైన సన్నటి వంపు గీత, దాని అడుగున కన్నీటిబొట్టులాంటి నీడ. పేరుకు లోబే (తమ్మె, అంటే ఊపిరితిత్తిలో ఒక భాగం) గానీ దానికి సొంత శ్వాసనాళం ఉండదు. జబ్బు కాదు. కానీ ఆ బొట్టును ఇంకెవరో గడ్డ అనుకుని మళ్లీ పరీక్షలు మొదలుపెట్టకుండా ఆపేది ఈ ఒక్క లైనే.

ఫిజీషియన్:
నేను ఒప్పుకోను సార్. కుడికి మూడు తమ్మెలు, ఎడమకు రెండు అని పుస్తకంలో ఉన్నంత శుభ్రంగా అందరికీ ఉండవు. కుడివైపు అడ్డచీలిక, అంటే రెండు తమ్మెల్ని విడదీసే అడ్డగీత, ఎంతోమందిలో మధ్యలోనే ఆగిపోతుంది. కొందరికి ఎడమవైపు కూడా అడ్డచీలిక ఉంటుంది. ఇవన్నీ రాస్తూ పోతే న్యుమోనియా గురించిన అసలు మాట అడుగున పడుతుంది. ఆ కాగితం పట్టుకుని టెన్షన్‌తో వచ్చేవాళ్లకు సర్దిచెప్పేది మేమే.

ఛాతీ సర్జన్:
డాక్టర్ గారూ, మీరు తీసిపారేసిన ఆ సగం చీలికే నాకు అన్నిటికంటే ముఖ్యం. క్యాన్సర్‌కి ఒక తమ్మె తీసేటప్పుడు చీలిక పూర్తిగా ఉంటే రెండూ సులువుగా విడివడతాయి. అతుక్కుని ఉంటే ఊపిరితిత్తినే కోసుకుంటూ వెళ్లాలి. ఆ తర్వాత కొందరికి రోజుల తరబడి గాలి లీకవుతుంది. పేషెంట్ దగ్గినప్పుడల్లా ఛాతీలోంచి గాలి బయటకు తీసే డ్రెయిన్ సీసాలో నీళ్లు బుడబుడమంటాయి, ఇంటికి పంపలేం. ఎంఫిసీమాకి (ఊపిరితిత్తుల్లోని గాలి అరలు పాడయ్యే జబ్బు) పెట్టే వాల్వులదీ ఇదే కథ. పాడైన తమ్మెకు వెళ్లే గాలి గొట్టాలన్నీ ఆ వాల్వులతో మూసినా, చీలిక పూర్తిగా లేకపోతే పక్క తమ్మె నుంచి గాలి దూరుతూనే ఉంటుంది, అది కుంచించుకోదు. అజైగస్ కొట్టొచ్చినట్టు కనబడుతుంది కాబట్టి రాస్తున్నారు. చీలిక గురించి మాత్రం నా దగ్గరకొచ్చే చాలా రిపోర్టుల్లో ఒక్క మాటా ఉండదు. నా గొడవంతా అదే.

మత్తు డాక్టర్:
మా వైపు నుంచి ఒకటి. కొద్దిమందిలో కుడి పైతమ్మెకు వెళ్లే గొట్టం నేరుగా వాయునాళం నుంచే పుడుతుంది. పందుల్లో మామూలుగా అలాగే ఉంటుంది కాబట్టి పిగ్ బ్రాంకస్ అంటాం. మత్తిచ్చి శ్వాస కోసం గొంతులోంచి ట్యూబు వేశాక దాని చివరి బెలూన్ ఆ నోటికి అడ్డుపడితే పైతమ్మె ముడుచుకుపోతుంది. ఆక్సిజన్ పడిపోతుంటుంది, ఎందుకో వెంటనే తోచదు. పాత రిపోర్టులో ఉంటే ముందే జాగ్రత్తపడతాం.

ఫిజీషియన్:
ఆపరేషన్ ఆలోచన ఉన్నవాళ్లకు ఇవన్నీ కావాలి, కాదనను. దగ్గుకని వచ్చినవారికి కూడానా?

ఛాతీ సర్జన్:
దగ్గుకని తీసిన స్కాన్‌లోనే కదండీ చాలాసార్లు గడ్డ బయటపడేది.

ప్రశ్న వేసినవారు:
"అజైగస్ లోబ్ ఉంది" పక్కనే "ఇది జబ్బు కాదు" అని రెండు మాటలు రాసుంటే హాయిగా పడుకునేవాణ్ణి. చీలిక గురించి నా రిపోర్టులో ఏమీ లేదు. మళ్లీ వెళ్లి అడగాలా?

రేడియాలజిస్ట్:
ఆ రెండు మాటలు రాయాల్సిందేనండి, తప్పు మాదే. చీలిక కోసం ఇప్పుడు తిరగక్కర్లేదు. స్కాన్ సీడీ మాత్రం పారేయకండి, అవసరమైన రోజున అందులోనే చూసుకోవచ్చు.