లేహ్‌లో మంచు స్కేటింగ్‌కు మా అమ్మాయి ఎంపికైంది. వెళ్లి వచ్చినవాళ్లు చెప్పండి

మణికొండ మమత:
అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఎనిమిదో ఏట ఇందిరా పార్కు రింకులో చక్రాల బూట్లు తొడిగించాం, ఇప్పటివరకు విప్పలేదు. ఈసారి ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌కు వెళ్లే రాష్ట్ర జట్టులో, షార్ట్ ట్రాక్ (మంచు రింకులో గుంపుగా చుట్లు కొట్టే వేగ పందెం) విభాగంలో పేరు వచ్చింది. వచ్చే నెల లేహ్ వెళ్లాలి. సంతోషం ఒక్క పూటే, అప్పటి నుంచి భయం. పిల్ల మంచు మీద నిలబడింది మొత్తం తొమ్మిది రోజులు, అదీ గురుగ్రామ్‌లో ఒక మాల్‌లోని చిన్న రింకులో. మా అత్తగారైతే "చక్రాలతోనే మోకాళ్లు పగలగొట్టుకుంది, ఇప్పుడు కాళ్లకు కత్తులు కట్టుకుంటుందా" అని రోజూ దీపం పెట్టేటప్పుడు నాకు వినబడేలా అంటున్నారు. చలికి, ఎత్తుకు, ఆటకు ఎలా సిద్ధం చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

చక్రాల మాస్టారు (విజయవాడ):
అభినందనలు అమ్మా. ఇరవై ఏళ్లుగా పిల్లలకు చక్రాల మీద నేర్పిస్తున్నాను. మంచు మీదకు పంపినవాళ్లు మాత్రం పదిమంది లోపే, కాబట్టి నా మాటను ఆ మేరకే తీసుకోండి.

తొమ్మిది రోజులు మరీ తక్కువేమీ కాదు. తొడల బలం, దమ్ము, వంగి ఉండే భంగిమ, గుంపులో సందు చూసి దూరడం, ఇవన్నీ పిల్లకు వచ్చే ఉంటాయి. రానిది అంచు. చక్రం నేలను పట్టుకుంటుంది, మనం చిన్న తప్పు చేసినా సర్దుకుంటుంది. బ్లేడు మందం ఒక మిల్లీమీటరు పైచిలుకే. దానికి లోపలి అంచు ఒకటి, బయటి అంచు ఒకటి. ఏ అంచు మీద ఉన్నామో తెలియకుండా తోస్తే కాలు పక్కకు జారిపోతుంది. చక్రాల పిల్లలకు తోపు చివర మునివేళ్లతో తన్ని వదిలే అలవాటు ఉంటుంది. మంచు మీద అలా తంతే బ్లేడు ముక్కు గుచ్చుకుని బోర్లా పడతారు. మడమతో తోయమని నిద్రలో లేపి అడిగినా చెప్పేంతగా నూరిపోయండి.

షార్ట్ ట్రాక్ చుట్టుకొలత 111.12 మీటర్లు. 500 మీటర్ల పందెమంటే నాలుగున్నర చుట్లు. సగానికి సగం మలుపులే, అన్నీ ఎడమకే. అందుకే ఆ బ్లేడును బూటు మధ్యలో కాకుండా కాస్త ఎడమకు జరిపి బిగిస్తారు, కొద్దిగా వంపు కూడా తిప్పుతారు. ముచ్చటపడి ఈ నెలలో కొత్త బ్లేడు మాత్రం కొనకండి. అలవాటైన పాతదాన్నే బాగా పదును పెట్టించండి.

మలుపులో ఎడమ చేతి వేళ్లు మంచును రాస్తాయి. గ్లౌజు కొసలకు గట్టిపడే జిగురు పెడితే వేళ్లు ఆగకుండా జారుతాయి. దుకాణంలో దొరకకపోతే ఇంట్లోనే చేసుకోవచ్చు, మా పిల్లలు అలాగే చేస్తారు. తెగని బట్టతో చేసిన గ్లౌజులు, మెడ పట్టీ మాత్రం తప్పనిసరి. బ్లేడుకు అక్కాచెల్లెళ్ల వరస తెలియదు.

మాజీ జవాను (శ్రీకాకుళం జిల్లా):
ఆట సంగతి మాస్టారు చెప్పారు, ఊరి సంగతి నేను చెబుతాను. లడఖ్‌లో మూడు శీతాకాలాలు గడిపాను. లేహ్ ఊరే దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. నేను సముద్రం ఒడ్డున పుట్టినవాడిని. మొదటి రోజు బూటు లేసు కట్టుకోవడానికి వంగి, లేచేసరికి ఆయాసం వచ్చింది. అప్పటికి నా వయసు ఇరవై రెండు, పొద్దున్నే పది కిలోమీటర్లు పరుగెత్తేవాణ్ణి. బలం ఉన్నవాడికి ఎత్తు సలాం కొట్టదు.

దిగిన తర్వాత రెండు రోజులు పిల్లను కదలనివ్వకండి. సాధన లేదు, బజారు లేదు, తలస్నానం అసలే లేదు. దాహం వేయకపోయినా నీళ్లు తాగించండి. పోటీకి ముందు రోజు దిగేలా టికెట్లు వేస్తామని ఎవరైనా అంటే గట్టిగా అడ్డుపడండి.

లేహ్ విమానాలు చాలావరకు పొద్దుటి పూటే. వాతావరణం బాగోలేకపోతే సగం దారి నుంచి వెనక్కి తిప్పేస్తారు, కాబట్టి ఒక రోజు అదనంగా పెట్టుకోండి. ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. జనవరిలో గొట్టాల్లో నీళ్లు గడ్డకడతాయి, చాలాచోట్ల స్నానాల గదిలో డ్రమ్ములో పట్టి ఉంచిన నీళ్లే గతి. గదిలో బుఖారీ (వెచ్చదనం కోసం పెట్టే పొయ్యి) పెడితే కిటికీ కాస్త తెరిచి ఉంచండి. వెచ్చగా ఉందని తలుపులన్నీ బిగించి పడుకుంటే ఆ పొగలోని విషవాయువు ప్రాణం తీస్తుంది. ఈ మాటను తేలిగ్గా తీసుకోవద్దు.

సుజాత (తిరుపతి):
మేము అమర్‌నాథ్ వెళ్లినప్పుడు అందరం ఎత్తు పడకుండా డయామాక్స్ మాత్రలు వేసుకున్నాం. కర్పూరం మూటగట్టి వాసన చూసుకుంటూ నడిచాం. ఎవరికీ ఏమీ కాలేదు. పాపకు కూడా రెండు రోజుల ముందు నుంచే వేయండి మమతగారూ.

వైద్యుడు (కర్నూలు):
సుజాతగారూ, యాత్రికులకు వేరు, పోటీలో దిగే పిల్లకు వేరు. డయామాక్స్‌లో ఉండేది అసిటజోలమైడ్. మూత్రం ఎక్కువ అయ్యేలా చేసే మందుల కోవలోకి వస్తుంది కాబట్టి అది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించిన మందుల జాబితాలో ఉంది. పోటీ ఉన్నా లేకపోయినా నిషేధమే. ఇలాంటివి వేరే మందుల ఆనవాళ్లను మూత్రంలో పలచబరుస్తాయి, కారణం అది. అమ్మ మంచికోసమే వేసిందంటే పరీక్ష చేసేవాళ్లు ఊరుకోరు. నిజంగా అవసరమైతే జట్టు డాక్టరు ద్వారా ముందే చికిత్స మినహాయింపు, అంటే చికిత్స కోసం ఆ మందు వాడుకునే అనుమతి తీసుకోవాలి. కొన్ని జలుబు మందుల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ కూడా పోటీ రోజుల్లో పరిమితి దాటితే తప్పే అవుతుంది. ఇంటి నుంచి ఏ మాత్ర పట్టుకెళ్లినా జట్టు డాక్టరుకు చూపించి వేయండి.

కర్పూరం వల్ల ప్రాణవాయువు పెరగదు. ముక్కు చల్లగా అనిపిస్తుంది, అంతే. తలనొప్పి, వాంతి, ఆకలి లేకపోవడం ఉంటే విశ్రాంతి. నడకలో తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మణికొండ మమత:
డాక్టరుగారూ, నిన్ననే ఆ మాత్రల పట్టీ ఒకటి కొని పిల్ల సంచీలో పెట్టాను. ఇప్పుడే తీసేశాను. చేతులు వణికాయి నాకు.

లెక్కల రామారావు:
నిరుత్సాహపరచడానికి కాదు గానీ అడగక తప్పడం లేదు. పోటీ కొలతల రింకు అంటే 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. అలాంటిది రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక్కటి కూడా లేదు. ఇక్కడ మంచు అంటే ఫ్రిజ్‌లో ఉండేదే. ఢిల్లీ ప్రయాణాలు, బ్లేడు, బూట్లు, సూటు, బస అన్నీ కలిపితే ఒక పిల్ల ఇంజినీరింగ్ ఫీజు. అక్కడి పిల్లలు ఇంటి వెనుక చెరువు గడ్డకడితే చాలు, ఆడుకుంటారు. పోటీ ఎక్కడుంది ఇందులో?

ఎడమ మలుపు (స్కేటర్, హైదరాబాద్):
రామారావుగారూ, 2025లో అదే లేహ్‌లో షార్ట్ ట్రాక్‌లో తెలంగాణ అమ్మాయి స్వర్ణం గెలిచింది. పోటీ ఉందని ఆ పతకమే చెబుతోంది. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో చక్రాల మీద రెండు కాంస్యాలు తెచ్చినప్పుడూ ఇక్కడ సౌకర్యాలు అంతంతమాత్రమే. మీ ఖర్చుల లెక్క మాత్రం నిజం, మా నాన్నగారు ఆ లెక్క ఇంకా చూపిస్తూనే ఉంటారు.

మమతగారూ, నేను 2024లో వెళ్లాను. సహజంగా గడ్డకట్టిన మంచు మాల్‌లో మంచులా ఉండదు. రాత్రుళ్లు నీళ్లు పోసి పొరలు పొరలుగా గడ్డకట్టిస్తారు. పొద్దున గాజులా గట్టిగా ఉంటుంది, బ్లేడు గీసుకుపోయే చప్పుడు కత్తి నూరినట్టు వినిపిస్తుంది. మధ్యాహ్నం ఎండ పడితే పైపొర మెత్తబడి బరువెక్కుతుంది. పగుళ్లు కూడా ఉంటాయి. నేను మొదటి రోజు నిలబడి చేసిన పని ఒక్కటే, పగుళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తుపెట్టుకోవడం. రెండో మలుపు దగ్గర ఒకటి జానెడు పొడవు ఉంది. అక్కడ పడ్డవాళ్లను ముగ్గురిని లెక్కపెట్టాను. నాలుగోదాన్ని నేనే.

కింద పడ్డప్పుడు వెంటనే లేవాలని చూడకూడదు, ముందు చేతులు ముడుచుకోవాలి. వెనుక వచ్చేవాళ్ల బ్లేడులు వేళ్ల మీదుగా పోతాయి. ఫోన్ బ్యాటరీ చలికి అరగంటలో పడిపోతుంది, లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి. గుర్‌గుర్ చాయ్ ఇస్తారు, ఉప్పు, వెన్న వేసిన టీ. టీ అనుకుని తాగితే మింగుడుపడదు, చారు అనుకుని తాగండి.

ఫిజియో (వరంగల్):
నాది లేహ్ అనుభవం కాదు, గుల్‌మర్గ్. ఈ క్రీడలు 2020లో మొదలైనప్పటి నుంచి స్కీయింగ్, స్నోబోర్డింగ్ లాంటి మంచువాలు ఆటలు గుల్‌మర్గ్‌లోనే. లడఖ్‌లో ఐస్ హాకీ, స్కేటింగ్. 2025లో నేను వెళ్లాల్సిన విడత ఫిబ్రవరి 22 నుంచి 25 వరకు. సంచులన్నీ కట్టుకున్నాక కబురు వచ్చింది, తగినంత మంచు పడలేదని వాయిదా. చివరికి మార్చి 9 నుంచి 12 వరకు జరిగాయి. ఆ రెండు వారాలూ మా జట్టు పిల్లలు రోజూ ఫోనులో గుల్‌మర్గ్ వాతావరణం చూడటం, పరీక్షల తేదీలు చూడటం. వానకోసం ఎదురుచూసే రైతుల్లా మంచుకోసం ఎదురుచూశాం. స్కూల్లో సెలవు ఉత్తరం మీద తేదీలు ఖాళీగా ఉంచమని చెప్పండి, అంతకంటే నా దగ్గర సలహా లేదు.

లెక్కల రామారావు:
పతకం సంగతి తెలియక అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. లెక్క వెనక్కి తీసుకోను. దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం కట్టిన డెహ్రాడూన్ రింకు 2011 తర్వాత ఏళ్ల తరబడి మూతపడి, 2025లోగానీ మళ్లీ తెరుచుకోలేదు. ఉన్నదాన్ని నడిపి ఉంటే ఈ పిల్లలకు తొమ్మిది రోజులకు బదులు తొంభై రోజులు దొరికేవి.

చక్రాల మాస్టారు (విజయవాడ):
దీనికి మాత్రం నేనూ చెయ్యెత్తుతున్నాను.

మణికొండ మమత:
అందరికీ మళ్లీ నమస్కారం. నిన్న రాత్రే ఇల్లు చేరాం. జవానుగారు చెప్పినట్టే మొదటి రోజు విమానం లేహ్ దాకా వెళ్లి, దిగలేక ఢిల్లీకి తిరిగి వచ్చింది. ఒక రోజు అదనంగా పెట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. మొదటి రాత్రి తలనొప్పి పిల్లకు కాదు, నాకు. తనేమో మంచం మీద పడుకుని గోడకు కాలు ఆనించి "మడమ, మడమ" అనుకుంటోంది.

500 మీటర్ల హీట్స్‌లో (తొలి వడపోత పందేల్లో) మూడోది అయింది, ముందుకు వెళ్లింది ఇద్దరే. ఏడవలేదు. రెండో మలుపులో ఎడమ చేయి ఆనినప్పుడు చూపుడు వేలి జిగురు కొస ఊడి మంచులో ఉండిపోయిందట, పందెం అయ్యాక వెళ్లి వెతుక్కుంది. దొరకలేదు. అదే హీట్‌లో మొదటిదిగా వచ్చిన లడఖీ అమ్మాయి సాయంత్రం మా గదికి వచ్చి, మా పిల్ల బ్లేడులను చెక్క చట్రంలో బిగించి, రాయితో పదును పెట్టి, అంచు మీద గోరు పెట్టి గీసి చూపించింది. గోటి నుంచి సన్నని పొడి రాలింది. "ఇంత ఉండాలి" అంది హిందీలో. మేము ఇక్కడ డబ్బులిచ్చి పెట్టించిన పదునుకు గోరు గీసుకుపోనే లేదు. మర్నాడు 1000 మీటర్లలో సెమీఫైనల్ దాకా వెళ్లింది.

మా అత్తగారు వీడియో చూసి, ఇంకోసారి పెట్టమన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు.

మెడ పట్టీ, తెగని గ్లౌజులు ఒక జత ఇంట్లో ఉన్నాయి, పిల్లకు వచ్చే ఏడాదికి చిన్నవవుతాయి. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు ఎవరైనా వెళ్తుంటే చెప్పండి, పంపిస్తాను. ఉతికే ఉన్నాయి. ఎడమ గ్లౌజుకు చూపుడు వేలి కొస మాత్రం మీరే పెట్టుకోవాలి.