నినాదం జనాన్ని మారుస్తుందా, జనం మనసులో ఉన్నదాన్నే బయటపెడుతుందా?

అందరికీ నమస్కారం. జర్నలిజం పీజీ చేస్తున్నాను. ఎన్నికల నినాదాల మీద సెమినార్ పేపర్ రాస్తూ ఒకచోట ఇరుక్కుపోయాను.

1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టి 'తెలుగువారి ఆత్మగౌరవం' అన్నారు. పాత షెవర్లే వ్యాన్‌ను చైతన్య రథంగా మార్చుకుని, దాని పైకెక్కి ఊరూరా మైకులో అదే మాట చెప్పారు. తొమ్మిది నెలల్లో అధికారం చేతికొచ్చింది. 2004 ఎన్నికల ముందు కేంద్రంలో ఉన్న ఎన్డీయే (బీజేపీ కూటమి) ప్రభుత్వం 'ఇండియా షైనింగ్' అంటూ పేపర్లలో, టీవీల్లో కోట్లు పోసి ప్రకటనలిచ్చింది. అయినా ఎన్డీయే ఓడిపోయింది.

నాకైతే రెండో దాంట్లో కిటుకు తెలిసినట్టే ఉంది. కరువుతో అల్లాడుతున్న రైతుకు దేశం వెలిగిపోతోందంటే ఒళ్లు మండదా? మొదటిదే తేలడం లేదు. అప్పటికే ఢిల్లీలోని కాంగ్రెస్ పెద్దలు ఇక్కడి ముఖ్యమంత్రులను ఇష్టమొచ్చినట్టు మార్చేస్తున్నారు, బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రిగా ఉన్న అంజయ్య గారికి రాజీవ్ గాంధీ చేతిలో జరిగిన అవమానం జనం నోళ్లలో నానుతోంది. మరి నినాదం గెలిపించిందా, కోపం గెలిపించిందా? సినిమా దేవుడన్న ఇమేజ్‌ను ఎలా విడదీసి చూడాలి?

1983లో ఓటేసిన పెద్దలు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి: మీ ఊళ్లో ఈ మాట ముందు ఎలా చేరింది, పేపర్లోనా, గోడ రాతల్లోనా, రథం వచ్చినప్పుడా? అవతలి పార్టీ వాళ్లు దీనికి ఏమని బదులిచ్చేవారు? అప్పటి కరపత్రాలు, గోడ రాతల ఫోటోలు ఎక్కడ దొరుకుతాయో తెలిసినా చెప్పండి. సొంత అభిప్రాయాలు వద్దు, ఆధారాలు తెమ్మంటున్నారు మా గైడ్. ఆ టెన్షనే ఎక్కువగా ఉంది.