"కొంచెముండుటెల్ల"నా, "కొంచెమైన నదియు"నా?

పాతప్రతి: చైనా విదేశాంగ నీతి మీద మొన్న ఒక ఉపన్యాసం విన్నాను. 1989లో తియానన్మెన్‌లో నిరసనలను అణచివేసిన ఘటన తర్వాత పాశ్చాత్య దేశాలు ఆంక్షలు విధించాయి, రెండేళ్లకే సోవియట్ యూనియన్ కూలిపోయింది. ఆ రోజుల్లో చైనా అగ్రనేత డెంగ్ జియావోపింగ్ చెప్పిన "తావో గువాంగ్ యాంగ్ హుయి" (వెలుగు దాచుకుని ఒదిగి ఉండమని) అన్న నాలుగక్షరాల మాటకు వక్త వేమన పద్యాన్ని జోడించారు. "అనువుగాని చోట నధికుల మనరాదు" వరకు సరే. రెండో పాదాన్ని ఆయన "కొంచెముండుటెల్ల గొదువగాదు" అని చదివారు. మా తాతగారి నోట "కొంచెమైన నదియు గొదువగాదు" అని విన్నట్టు గుర్తు. ఏది అసలు పాఠం? రెండు రోజులుగా ఇదే తొలుస్తోంది.

గణయతి: గణాలు తీర్పు చెప్పవు. రెండింటిలోనూ ఐదు సూర్యగణాలు కుదిరాయి, యతీ కుదిరింది. పట్టుకోవలసింది ఆ "గొ". "నదియున్" చివరి ద్రుతం, అంటే ఆ నకారం, వల్ల సరళాదేశం వచ్చి ("క" కాస్తా "గ"గా మారి) "కొదువ" "గొదువ" అయింది. "ఎల్ల" చివర ద్రుతమెక్కడిది? తాతగారి పాఠమే మూలం.

కావలి మాస్టారు: తొందరపడ్డారు గణయతి గారూ. ప్రథమావిభక్తి మీది పరుషానికి గసడదవాదేశం (క చ ట త ప లు గ స డ ద వ లు కావడం) ఉండనే ఉంది. "ఉండుటెల్ల" మీద గకారానికి ద్రుతం అక్కరలేదు. అర్థం చూడండి. "కొంచెముండుట" మనం ఎంచుకున్న నడవడి. "కొంచెమైనన్" అంటే మనకు జరిగిపోయినది. డెంగ్ చెప్పింది మొదటిదే.

తూర్పుగాలి: చీనా భాష నాలుగేళ్లు చదివాను కనుక ఒక మాట. "తావో" అంటే వింటినో కత్తినో దాచే ఒర. "గువాంగ్" వెలుగు. "యాంగ్" పెంచి పోషించడం. "హుయి" చీకటి. ఆ అక్షరానికి ఎడమవైపు సూర్యుడి గుర్తుంది, పాత వాడుకలో చాంద్రమాసపు చివరి రోజుకు అదే పేరు. మన అమావాస్య! "వెలుగును ఒరలో పెట్టి చీకటిని పోషించు" అన్నమాట. అమెరికా రక్షణశాఖ నివేదికలు దీన్ని "సామర్థ్యాన్ని దాచి అదను కోసం కాచుకోవడం" అని అనువదించాయి. ఆ నాలుగక్షరాల్లో అదనూ లేదు, కాచుకోవడమూ లేదు. రెండు దేశాల మధ్య అనుమానానికి ఒక అనువాదం ఇంత ఎరువు వేయడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

పాతప్రతి: మన "నివురుగప్పిన నిప్పు" సరిపోదా అమ్మా?

తూర్పుగాలి: నిప్పు నివురును కోరి కప్పుకోదు కదండీ. ఒరలో కత్తిని పెట్టేది మనిషి.

కావలి మాస్టారు: అయితే అజ్ఞాతవాసం అనండి. ఈ విషయంలో తిక్కనను మించినవారు లేరు. నెల్లూరు రాజు మనుమసిద్ధి రాజ్యం పోగొట్టుకుంటే ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సాయం తెచ్చినవాడని చెబుతారు. బలవంతుడి ముందు ఎలా నిలబడాలో ఎరిగిన మంత్రి. ఆయన విరాటపర్వంతోనే భారతం అందుకోవడం నాకు ఎప్పుడూ సంబరమే. విరటుడు పాచికతో ముఖాన కొట్టినా కంకుభట్టుగా ఉన్న ధర్మరాజు నోరెత్తలేదు. ముక్కున కారిన నెత్తురు నేల మీద పడకుండా ద్రౌపది పట్టింది. అప్పటికి గడువు తీరిపోయింది కూడా! గడువు తీరినా ఒదిగి ఉండటమే ఒదుగు.

గణయతి: పాండవుల గడువు ఏడాది. డెంగ్ మాటకు గడువు ఎవరు పెట్టారు?

తూర్పుగాలి: అక్కడికే వస్తున్నాను. డెంగ్ మాటలుగా చెప్పే సూత్రాల్లో "జుయె బు దాంగ్ తౌ" కూడా ఉంది. ఎన్నటికీ తలగా నిలవవద్దని. "అధికుల మనరాదు"కు సాటి వచ్చేది అదే, రెండో పాదం కాదు. 2003లో చైనా పార్టీ సిద్ధాంతకర్త జెంగ్ బిజియాన్ "శాంతియుత ఉత్థానం" అన్నారు, "హెపింగ్ జుయెచి". ఈ "జుయె" వేరే అక్షరం, దాని పక్కన కొండ గుర్తు! నేలలోంచి కొండ ఉవ్వెత్తున లేచినట్టు. ఆ మాట పొరుగువారికి భయం పుట్టిస్తుందని మరుసటి ఏడాదికే నాయకులు "శాంతియుత అభివృద్ధి"కి మారారు. కొండను మళ్లీ అద్దంలో పెట్టారు.

గణయతి: అద్దం కొండను దాచదు, చిన్నదిగా చూపుతుంది. అందులో మోసం లేదు. నా దృష్టిలో పద్యానికి ప్రాణం "కొండ యద్దమందు గొంచెమై యుండదా" అన్న ఆ మూడో పాదమే.

పాతప్రతి: 2013 అక్టోబరులో షీ జిన్‌పింగ్ పొరుగు దేశాల విషయంలో "ఫెన్ ఫా యౌ వెయ్", ఉత్సాహంతో సాధించాలి, అన్నారు. 2018లో అధ్యక్ష పదవికి రెండు విడతల పరిమితి ఎత్తేశారు. 2020 జూన్‌లో గల్వాన్‌లో మన సైనికులు 20 మంది అమరులయ్యారు, వారిలో సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు ఒకరు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. అనువైన చోటు వచ్చేసిందని వాళ్లు అనుకున్నట్టేనా?

కావలి మాస్టారు: మీరూ చోటును కాలంగా చదివేశారు! వేమన "చోట" అన్నాడు, "వేళ" అనలేదు. "వేళ" అని ఉన్నా మాత్రలు సరిపోతాయి, అయినా ఏ ప్రతిలోనూ నేను చూడలేదు. డెంగ్ మాటలో లేని కాలాన్ని అమెరికా అనువాదకులు చేర్చారు, వేమన మాటలో లేని కాలాన్ని మనం చేరుస్తున్నాం. చోటు అంటే ఎదుటివాడి ఇల్లు, ఎదుటివాడి సరిహద్దు. అది ఎన్నేళ్లు గడిచినా అనువు కాదు.

గణయతి: చోటు పక్కన పెట్టండి మాస్టారూ, "అధికులము" ఉత్తమపురుష బహువచనం. ఒక్కడు తన దేశమంతటి తరఫున అనే మాట అది. ఇక ద్రుతం విషయంలో మీతో నేనింకా ఏకీభవించలేదు. బ్రౌన్ 1829లో అచ్చు వేయించిన ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే రెండో పాదం ఫొటో పెట్టండి.